పిలుపులు ఆగని ఇంట్లో అంతర్ముఖ జీవితం సాధ్యమేనా?

మియాపూర్ ప్రయాణికురాలు (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలను చాలాకాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. నాకు 46 ఏళ్లు. లక్డీకాపూల్ దగ్గర ఒక ప్రైవేటు సంస్థలో లెక్కల విభాగంలో పనిచేస్తాను. మా అత్తగారికి 81 ఏళ్లు. మూడేళ్లుగా డిమెన్షియాతో ఉన్నారు. పోయిన వేసవిలో మా ఆడపడుచు వచ్చి ఇల్లు చూసుకుంటానంటే, పది రోజుల మౌన శిబిరానికి వెళ్లివచ్చాను. ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట కూర్చోమని చెప్పి పంపారు. సాయంత్రం మాట మొదటి రోజే వదిలేసి, ఉదయం ఐదింటికి లేచి కూర్చోవడం నియమంగా పెట్టుకున్నాను. అది సరిగ్గా 19 రోజులు నిలిచింది.

ఇరవయ్యో రోజున జరిగినది చెబితే గాని నా ప్రశ్న అర్థం కాదు. కళ్లు మూసుకుని పది నిమిషాలు అయిందో లేదో, అత్తయ్య గదిలోంచి "బస్సు వచ్చిందా?" అని అడిగారు. అది ఏ ఊరి బస్సో ఆవిడకూ తెలియదు, మాకూ తెలియదు. "ఇంకా రాలేదు, పడుకోండి" అన్నాను. రెండు నిమిషాలకు మళ్లీ అదే ప్రశ్న. ఏడోసారికి నేను లేచి వెళ్లి, "ఏ బస్సూ లేదు, ఏ ఊరూ లేదు" అని ఆవిడ ముఖం మీదే అరిచాను. ఆవిడ బెదిరిపోయి, దుప్పటి అంచు రెండు చేతులతో పట్టుకుని, "సరేనమ్మా, కోప్పడకు, నడిచే పోతాను" అన్నారు.

ప్రశాంతత కోసం కూర్చున్నదాన్ని, ఆ ప్రశాంతతకు అడ్డువచ్చిందని ఒక ముసలి ప్రాణం మీద విరుచుకుపడ్డాను. ఆ రోజునుంచి కూర్చోవడం మానేశాను. ఇల్లు, ఆఫీసు, మందులు, మెట్రో, మళ్లీ ఇల్లు. వీటి మధ్య అంతర్ముఖంగా బతకడం నిజంగా సాధ్యమేనా, లేక అది బాధ్యతలు తీరినవాళ్లకే దక్కే భాగ్యమా? ఓదార్పు అక్కరలేదు. మీలో ఎవరైనా చేస్తూ ఉంటే ఎలా చేస్తున్నారో చెప్పండి.

చిక్కడపల్లి శాస్త్రి

అమ్మా, మీ ప్రశ్న కొత్తది కాదు. మహాభారతం అరణ్యపర్వంలోని కౌశికుడి కథ మీకు తెలిసే ఉంటుంది. చెట్టు కింద వేదాధ్యయనం చేసుకుంటున్న అతడి మీద ఒక కొంగ రెట్ట వేసింది. అతడు కోపంగా చూసేసరికి అది చచ్చి కిందపడింది. తరువాత అతడు భిక్షకు వెళ్లిన ఇంటి ఇల్లాలు, భర్తకు అన్నం పెట్టి రావడంలో ఆలస్యం చేసింది. అతడు కోపంతో చూడబోతే "నేను కొంగను కాను" అన్నది. అడవిలో ఎవరూ చూడకుండా జరిగినది వంటింట్లో ఉన్న ఆమెకు ఎలా తెలిసింది? ఆమె అతడిని మిథిలలో మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుడి దగ్గరకు పంపింది. ఆ వ్యాధుడు ధర్మసూక్ష్మాలన్నీ వివరించాక, ఇంటికి తీసుకువెళ్లి తన వృద్ధ తల్లిదండ్రులను చూపించి, వీరే నా దైవాలు అన్నాడు. తల్లిదండ్రులను విడిచి వచ్చిన కౌశికుడిని తిరిగి ఇంటికి వెళ్లి వారిని సేవించుకోమన్నాడు.

మీరు కౌశికుడి స్థానంలో లేరు. ఆ ఇల్లాలి స్థానంలో ఉన్నారు. మీ అత్తగారి సేవే మీ ధ్యానం. వేరుగా గంట కూర్చోలేదని బాధపడవద్దు.

పాత లెక్కల మనిషి

శాస్త్రి గారి మాట మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. "పనే ధ్యానం" అని నేను 11 ఏళ్లు చెప్పుకున్నాను. ఆ 11 ఏళ్లలో నేను చేసినది పని మాత్రమే. పేరు మార్చుకున్నాను, అంతే. ఉప్పు డబ్బా మీద పంచదార అని చీటీ అంటించినట్లు.

నేను ప్రభుత్వ లెక్కల శాఖలో పనిచేసి విరమించాను. నాకు దారి చూపినవాడు కూడా లెక్కల మనిషే కావడం నాకు పెద్ద ధైర్యం. బర్మా ధ్యానగురువు సయాజీ ఊ బా ఖిన్ సన్యాసి కాడు, సంసారి. బర్మా స్వతంత్రమైన 1948 జనవరి 4న ఆ దేశపు అకౌంటెంట్ జనరల్‌గా బాధ్యత తీసుకున్నారు. ఆ ఉద్యోగంలో ఉంటూనే తన సిబ్బందికి విపస్సన అనే ధ్యానపద్ధతి నేర్పారు. ఒకేసారి ఒకటికి మించిన శాఖలకు అధిపతిగా ఉన్న కాలం కూడా ఉన్నది. ఆయన దగ్గర 1955లో నేర్చుకున్న గోయెంకా గారు వ్యాపారి, ఆరుగురు కొడుకుల తండ్రి. మన హైదరాబాదులో నాగార్జునసాగర్ రోడ్డు మీది కుసుమనగర్‌లో 1976 నుంచి నడుస్తున్న ధమ్మఖేత్త ధ్యానకేంద్రం ఆ పరంపరలోనిదే.

అయితే గమనించవలసినది ఒకటున్నది. ఊ బా ఖిన్ దస్త్రాలే ధ్యానం అని చెప్పి ఊరుకోలేదు. కూర్చునే చోటు, కూర్చునే వేళ వేరుగా ఏర్పరచారు. కూర్చుని నేర్చుకున్నదే దస్త్రాల దగ్గర పనికివస్తుంది. కూర్చోకుండా దస్త్రాల దగ్గర దానిని వెతుక్కుంటే దొరకదు. అమ్మా, మీరు మానేయడం పొరపాటు. గంట కుదరకపోతే ఇరవై నిమిషాలు కూర్చోండి, కానీ కూర్చోండి.

నిలువుటద్దం

పెద్దలిద్దరికీ నమస్కారం. మీరిద్దరూ వదిలేసిన ప్రశ్న నేను అడుగుతాను. ఆ ఏడు పిలుపులప్పుడు వీరి భర్తగారు ఎక్కడ ఉన్నారు? పిలిచినావిడ ఆయన తల్లి గదా.

మా నాన్నగారు 40 ఏళ్లు సంధ్యావందనం తప్పలేదు. ఊళ్లో అందరూ ఆయన నిష్ఠను చెప్పుకునేవారు. ఆయన లేచేసరికి నీళ్లు కాగి ఉండేవి, మడిబట్ట దండెం మీద ఆరి ఉండేది, పంచపాత్ర చింతపండుతో తోమి తళతళలాడుతూ ఉండేది. జపం అయ్యేదాకా విజిల్ మోగకూడదని మా అమ్మ కుక్కర్ పక్కన పెట్టి గిన్నెలోనే పప్పు ఉడికించేది. మేము ఏడిస్తే ఎత్తుకుని పెరట్లోకి వెళ్లిపోయేది. వాన పడుతున్నా సరే. ఆ ఇంట్లో ఉదయపు నిశ్శబ్దం దానంతటది దిగివచ్చినది కాదు. మా అమ్మ రోజూ వండి వడ్డించినది. నాన్నగారు పోయాక "నువ్వూ కాసేపు జపం చేసుకోవచ్చు గదా" అని అడిగితే, అమ్మ "నాకు ఎవరు తలుపు కాస్తారే?" అన్నది.

శాస్త్రి గారూ, మీ కథలోని ఇల్లాలు అంత జ్ఞానురాలు గదా, ఆమె పేరేమిటి?

వేదిక నిర్వాహకులు

తమ గురువుగారి ఆన్‌లైన్ తరగతుల రుసుము వివరాలను ఒక సభ్యుడు ఈ చర్చలో మూడుసార్లు పెట్టారు. ఆ సందేశాలను తొలగించాము. చర్చను విషయం మీదే సాగించవలసిందిగా మనవి.

చిక్కడపల్లి శాస్త్రి

నిలువుటద్దం గారూ, పేరు లేదు. ఎన్నోసార్లు పురాణం చెప్పిన కథ. పేరు లేదన్న సంగతి మీరు అడిగేదాకా నాకు తట్టలేదు. ఇంతకంటే ఇప్పుడు ఏమీ రాయలేను.

మియాపూర్ ప్రయాణికురాలు

ఇంత త్వరగా ఇన్ని జవాబులు వస్తాయని అనుకోలేదు. నిలువుటద్దం గారి ప్రశ్నకు ఉన్నదున్నట్లు చెబుతాను. మా వారు పక్క గదిలో నిద్రపోతున్నారు. రాత్రి పదకొండు దాటాక ఇల్లు చేరతారు, కాబట్టి ఉదయం లేపకూడదని నేనే అనుకున్నాను. ఆయన లేవనని ఎన్నడూ అనలేదు. నేను లేవమని ఎన్నడూ అడగలేదు. ధ్యానం చేసుకుంటానని చెబితే "చేసుకో, మంచిదే" అన్నారు. ఆ "మంచిదే"తో మా ఇద్దరి సంభాషణ ముగిసింది. శిబిరానికి వెళ్లడానికి ఆడపడుచును అడిగిన నేను, ఉదయం అరగంట కోసం పక్క గదిలోని మనిషిని ఎందుకు అడగలేదో నాకే తెలియడం లేదు.

లెక్కల మనిషి గారూ, మీ ఉప్పు డబ్బా మాట గుచ్చుకున్నది. నిజమే.

నాంపల్లి నివాసి

మా తాతగారు సూఫీ సంప్రదాయంలో నక్ష్‌బందీ దారిని అనుసరించినవారు. పన్నెండో శతాబ్దంలో బుఖారా ప్రాంతానికి చెందిన అబ్దుల్ ఖాలిక్ ఘిజ్దువానీ ఆ దారికి ఎనిమిది సూత్రాలు పెట్టారని చిన్నప్పుడు మాకు చెప్పేవారు. మూడు మాత్రం నాకు ఇప్పటికీ రోజూ పనికివస్తాయి. మొదటిది హోష్ దర్ దమ్: ప్రతి శ్వాసలోనూ తెలివిడి. రెండవది నజర్ బర్ ఖదమ్: చూపు అడుగు మీద. మూడవది ఖల్వత్ దర్ అంజుమన్: గుంపులో ఏకాంతం. "దిల్ బ యార్, దస్త్ బ కార్" అనే మాటను కూడా వారు ఇష్టంగా చెప్పుకుంటారు. మనసు ప్రియుడి వద్ద, చేయి పని మీద. ఔరంగాబాదులో బాబా షా ముసాఫిర్ దర్గా వద్ద ఉన్న పన్‌చక్కీని చూసినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. నక్ష్‌బందీ ఫకీరుల స్థానంలో నీటితో తిరిగే తిరగలి అది. అక్కడి వారి కోసం పిండి విసిరేది.

మియాపూర్ చెల్లెమ్మకు నేను చెప్పగలిగేది రెండవ సూత్రం గురించే. అమీర్‌పేట స్టేషన్‌లో సాయంత్రం ఆరున్నరకు రెండు మార్గాల జనం ఒకే మెట్ల మీద కలుస్తారు. నేను ఎడమ పక్క గోడను ఆనుకుని, ముందు పాదం ఎక్కడ పడుతున్నదో అక్కడే చూపు నిలిపి దిగుతాను. పైనుంచి ప్రకటనలు వినిపిస్తూనే ఉంటాయి. ఎవరి సంచో మోచేతికి తగులుతుంది. మెట్లు దిగేసరికి ఒక్కోసారి ఏడెనిమిది అడుగులు నిజంగా తెలిసి వేసి ఉంటాను; మిగతావి ఎప్పటిలాగే మరిచిపోయి వేసినవి. కొన్నాళ్లు ఎనిమిది, కొన్నాళ్లు రెండు. దీనిని గొప్ప సాధన అనను. కానీ ఇంటి తలుపు తెరిచేటప్పటికి నేను ఆఫీసులో లేను; ఇంటి ముందే ఉన్నాను.

కొండాపూర్ కుర్రాడు

నేను ఫోనులోని ధ్యానపు యాప్‌తో రోజూ పది నిమిషాలు కూర్చునేవాడిని. వరుసగా 212 రోజులు అయ్యాయి. నాన్నను ఆసుపత్రిలో చేర్చిన రాత్రి కూర్చోలేకపోయాను. మర్నాడు తెరిచి చూస్తే లెక్క సున్నాకు వచ్చింది. ఐసీయూ బయట కుర్చీలో కూర్చుని ఆ సున్నా చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాను. నాన్న గురించి కాదు, 212 గురించి. చెప్పడానికి సిగ్గుగా ఉన్నది. ఆ యాప్‌ను తీసేశాను.

పాత లెక్కల మనిషి

బాబూ, సిగ్గుపడకు. నా డైరీలో 1998 నుంచి కూర్చున్న గంటల లెక్క రాసి ఉన్నది. ఉద్యోగంలోనూ లెక్కలే, ధ్యానంలోనూ లెక్కలే. మీ అమ్మమ్మను అడిగినా చెబుతుంది, చూస్తూ ఉంటే పాలు పొంగవని. అయినా చూస్తూనే ఉన్నాను.

నాంపల్లి మిత్రులకు ఒక్క మాట. మెట్లు దిగే పద్ధతి నాకు నచ్చింది. అయితే ఆ తెలివిడి మీకు మెట్ల మీదనే పుట్టిందా, తాతగారి పక్కన చిన్నప్పుడు కూర్చున్న వేళల్లో పుట్టిందా? నేను రెండవదే అనుకుంటున్నాను.

నాంపల్లి నివాసి

కావచ్చు, పెద్దాయనా. తెల్లవారుజామున చేసే ఫజ్ర్ నమాజు తరువాత ఆయన పక్కన కూర్చునేవాడిని. చాలాసార్లు అక్కడే నిద్రపోయేవాడిని కూడా.

రాత్రి డ్యూటీ

నేను సికింద్రాబాదు వైపు ఒక ఆసుపత్రిలో నర్సును. 17 ఏళ్లుగా వృద్ధుల వార్డు. మియాపూర్ అక్కా, ముందు బస్సు సంగతి. డిమెన్షియా ఉన్నవారితో బస్సు ఉన్నదా లేదా అని వాదించకూడదు. "లేదు" అంటే వారికి వినిపించేది సమాధానం కాదు, మన గొంతు. ఆ ప్రశ్న వెనుక చాలాసార్లు భయం ఉంటుంది, లేదా మూత్రానికి వెళ్లవలసిన అవసరం ఉంటుంది. ఒకటి రెండుసార్లు లేపి బాత్రూముకు తీసుకువెళ్లి చూడండి. నేను నమ్మకంగా చెప్పగలిగేది ఇది.

ఇక సాధన సంగతి. పదిహేడో శతాబ్దంలో పారిస్‌లోని కార్మెల్ మఠంలో బ్రదర్ లారెన్స్ అనే ఒక సాధారణ సోదరుడు ఉండేవాడు. అంతకుముందు సైనికుడు, యుద్ధంలో గాయపడి కాలు చెడింది. మఠంలో అతడికి వంటపని ఇచ్చారు. అతడికి ఆ పనంటే సహజంగా ఇష్టం లేదు; మన చర్చిల్లో అతడి గురించి చెప్పేటప్పుడు ఈ ముక్క వదిలేస్తారు. గిన్నెల చప్పుళ్ల మధ్య కూడా, ప్రార్థనలో మోకరిల్లినప్పుడు ఉన్నంత నెమ్మదిగానే దేవుడి సన్నిధిలో ఉండగలుగుతున్నానని అతడు చెప్పాడు. అయితే మొదటి పదేళ్లు చాలా బాధపడ్డానని కూడా అతడే చెప్పాడు. పదేళ్లు! మీరు 19 రోజులకే తీర్పు రాసుకున్నారు.

నాకు అన్నం తినిపించడమే సాధన. వార్డులో మింగడం కష్టమైన పెద్దవారికి మేము తినిపిస్తాము. నిటారుగా కూర్చోబెట్టాలి, చిన్న చెంచా వాడాలి, ముద్ద లోపలికి దిగిందని కంఠం కదలిక చూసి తెలుసుకున్నాకే తరువాతి చెంచా ఎత్తాలి. తొందరపడితే పొలమారుతుంది, ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి మనసు ఇంకెక్కడికో పోవడానికి వీల్లేదు. ఇరవై చెంచాలు, ఇరవై నిరీక్షణలు. చాలామంది ఆ నిరీక్షణలో ఫోను చూస్తారు. నేను కంఠం చూస్తాను.

నిలువుటద్దం

ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

అయినా నా మొదటి ప్రశ్న పోలేదు. నర్సమ్మా, మీకు డ్యూటీ అయిపోయాక ఎవరైనా వార్డు అందుకుంటారు. ఇంట్లో ఇల్లాలి డ్యూటీని అందుకునేవారు ఎవరు?

చిక్కడపల్లి శాస్త్రి

మూడు రోజులుగా ఈ చర్చ చదువుతున్నాను. నా మొదటి సమాధానంలోని లోపం నాకు ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తున్నది. సేవే ధ్యానం అన్నాను. సేవ ధ్యానం కావచ్చు; కానీ ఆ మాట సేవ చేస్తున్నవారు తమ అనుభవంతో అనాలి గాని, సేవ చేయించుకునేవారో పక్కన కూర్చుని చూసేవారో అనకూడదు. మా ఇంట్లో ఉదయం ఏడున్నర దాకా నేను పూజగదిలో ఉంటాను. మా ఆవిడ ఎక్కడ ఉంటుందో ఇన్నేళ్లలో ఆలోచించలేదు. నిన్న లేచి చూశాను. పాలవాడు, పనిమనిషి, మంచినీళ్ల ట్యాంకు, మందుల పెట్టె. గంటలో పదకొండుసార్లు ఆమెను ఎవరో పిలిచారు. అందులో నేను పిలిచినవి మూడు: అగరుబత్తులకు ఒకసారి, కర్పూరానికి ఒకసారి, చల్లారిన కాఫీకి ఒకసారి.

శాస్త్రం వైపు నుంచి రెండు విషయాలు మాత్రం చేరుస్తాను. గీత ఆరవ అధ్యాయం 26వ శ్లోకంలో "యతో యతో నిశ్చరతి మనశ్చంచలమస్థిరమ్" అని ఉన్నది. మనసు ఎక్కడెక్కడికి పోతుందో అక్కడక్కడి నుంచి దానిని మరలించి ఆత్మలో నిలపాలి. మనసు పోకుండా ఉండాలని అక్కడ షరతు లేదు. పోయిన ప్రతిసారీ మరలించమన్నారు. ఆ లెక్కన ఏడు పిలుపులు ఏడు మరలింపులు. రెండవది, యోగసూత్రాలలో అభ్యాసం దృఢపడడానికి దీర్ఘకాలం, నిరంతరం, సత్కారంతో అని మూడు మాటలు చెప్పారు. మొదటి రెండూ అందరమూ పట్టుకుంటాము. సత్కారం అంటే ఆదరం. కసురుతో చేసిన అభ్యాసం ఎన్నేళ్లు చేసినా నేలలో వేరు దిగదు.

రమణ మహర్షి తెల్లవారకముందే ఆశ్రమ వంటింటికి వెళ్లి కూరలు తరిగేవారు. ఆయన గురించి ఎన్నో ఉపన్యాసాలు ఇచ్చాను. నా చేత్తో బెండకాయ తరిగి ఎన్నేళ్లయిందో చెప్పలేను.

మియాపూర్ ప్రయాణికురాలు

అందరికీ మళ్లీ నమస్కారం. మూడు వారాలు గడిచాయి. జరిగినది చెప్పడం నా బాధ్యత.

మా వారికి ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. ఆయన ఎక్కువ మాట్లాడలేదు. "ఐదున్నర నుంచి ఆరు దాకా అమ్మ దగ్గర నేను ఉంటాను" అన్నారు. నేను అరగంటే కూర్చుంటున్నాను. గంట మాట ఇప్పట్లో తలపెట్టడం లేదు. నర్సమ్మ చెప్పినట్లు ఐదింటికి ముందే అత్తయ్యను బాత్రూముకు తీసుకువెళ్తున్నాను. బస్సు పిలుపులు ఆగలేదు గానీ తగ్గాయి. ఆయన గొంతు అక్కడ వినిపిస్తూ ఉంటే నా చెవులు అటే ఉంటున్నాయి, ఆయన సరిగ్గా చెబుతున్నారా లేదా అని. కూర్చున్న అరగంటలో సగం ఆయన తప్పులు పట్టుకోవడంలోనే పోతున్నది. ఎవరూ పిలవనప్పుడు కూడా నేను లోపల లేచి వెళ్తూనే ఉన్నానని ఇప్పుడే తెలిసింది.

రాత్రి అన్నం మాత్రం నేనే తినిపిస్తున్నాను. పప్పన్నం మెత్తగా కలిపి, నెయ్యి వేసి, చిన్న చెంచాతో. మొన్న పన్నెండో చెంచా దగ్గర ఆవిడ నోరు మూసుకున్నారు. ఇదివరకైతే "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అని తొందర పెట్టేదాన్ని. చెంచా గిన్నెలో పెట్టి ఊరికే కూర్చున్నాను. ఆవిడ కంఠం మీద ఒక చిన్న పుట్టుమచ్చ ఉన్నది. 22 ఏళ్లలో నేను చూడలేదు. కొంతసేపటికి ఆవిడే "బస్సు వచ్చిందా?" అన్నారు. "రాలేదు. వచ్చేదాకా నేనూ కూర్చుంటాను" అన్నాను. "నీకు టికెట్టు ఉందా?" అని అడిగారు. లేదన్నాను. "నా దాంట్లోనే సర్దుకుందాంలే" అని నోరు తెరిచారు.

ఒక సంగతి దాచకూడదు. ఈ 21 రోజుల్లో మా వారు నాలుగు రోజులు లేవలేదు.

నిలువుటద్దం

ఆ నాలుగు రోజులూ ఎవరు లేచారు?

మియాపూర్ ప్రయాణికురాలు

రెండు రోజులు నేను. ఒక రోజు మా అబ్బాయి, ఎవరూ చెప్పకుండానే. ఇంకొక రోజు ఎవరమూ లేవలేదు. ఆవిడ రెండుసార్లు పిలిచి, తనంతట తానే నిద్రపోయారు.